మూలకు చేరిన కుందేలు

సూరత్‌లో చలి ఎంతని? జనవరి రాత్రుల్లో 15 డిగ్రీల దగ్గరికి దిగితే అదే ఎక్కువ. ఒళ్లంతా దట్టమైన బొచ్చున్న కుందేలుకు ఆ చల్లదనం హాయే. దాని ప్రాణం మీదికి తెచ్చేది ఇక్కడి మే నెల. అయినా ఖటోదరాలో నా పశువైద్యశాలకు ముసలి కుందేళ్లు చలికాలంలోనే ఎక్కువగా వస్తాయి. "చలికి ముడుచుకున్నది సారూ, వయసు మీద పడె" అంటారు తెచ్చినవాళ్లు.

సాంచాల (మరమగ్గాల) షెడ్డులో పనిచేసే సిరిసిల్ల కుటుంబం ఒకటి ఎనిమిదేళ్ల ఆడ కుందేలును అలాగే తెచ్చింది. వెనక కాళ్ల మధ్య బొచ్చు మూత్రంతో తడిసి, చర్మం ఎర్రగా ఒరిసిపోయింది. తోక కింద మెత్తటి పెంటికలు అంటుకుపోయి ఉన్నాయి. కుందేలు వాటిని వచ్చినవి వచ్చినట్టే నోటితో అందుకుని మళ్లీ తింటుంది. అది దాని ఆహారంలో భాగం. నడుము వంగకపోతే ఎలా అందుకుంటుంది? ఎక్స్‌రేలో వెన్నుపూసల కీళ్లు అరిగి కనిపించాయి. మూత్రాశయం నిండా సున్నపు మడ్డి.

"ఏం పెడుతున్నరమ్మా?" అని అడిగాను.

"రజకో సారూ. ఆవులకు అమ్ముతరు గద."

లూసర్న్ గడ్డిని ఇక్కడ రజకో అంటారు. చలికాలంలో పచ్చగా దొరుకుతుంది. ఇక్కడ ఉత్తరాయణం అనే సంక్రాంతి పండక్కి ఆవులకు పెట్టడానికి జనం కట్టలు కట్టలు కొంటారు. అందులో కాల్షియం ఎక్కువ. మన పేగులు కావలసినంతే తీసుకుంటాయి. కుందేలు పేగులు మాత్రం దొరికిందల్లా పీల్చుకుంటాయి, మిగిలింది మూత్రంలోనే పోవాలి. నీళ్లు తక్కువ తాగి, కీళ్ల నొప్పితో కదలకుండా కూర్చుంటే ఆ సున్నం అడుగున పేరుకుంటుంది.

నొప్పి పుడితే కుక్క మూలుగుతుంది. కుందేలు మూలకు చేరి, కళ్లు సగం మూసి, పళ్లు కొరుకుతూ కూర్చుంటుంది. తిండి మానేస్తుంది. తిండి ఆగితే పేగులు ఆగుతాయి, వాంతి చేసుకునే వీలు దానికి లేదు. అరపూట పెంటికలు పడలేదంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. తెల్లారాక చూద్దామని ఆగిన ఓ ఇంటివాళ్లు తెచ్చిన కుందేలుకు థర్మామీటరు 36 డిగ్రీలే చూపించింది, ఉండాల్సింది 38.5కి పైన. పైగా మనుషుల అమోక్సిసిలిన్ తాగించారు. నోటి ద్వారా ఇస్తే అది కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను చంపేస్తుంది. ముందు ఒళ్లు వెచ్చచేసి సెలైన్ పెట్టినా ఆ కుందేలు దక్కలేదు. ప్రేమ లేక కాదు, ఎవరూ చెప్పక.

సిరిసిల్ల వాళ్ల కుందేలుకు మూత్రాశయం కడిగాం. కిడ్నీలు బాగున్నాయని రక్తపరీక్షలో తేలాకే నొప్పి తగ్గించే మెలాక్సికామ్ మొదలుపెట్టాను. మెడ ఎత్తి తాగే సీసా తీసేసి వెడల్పాటి గిన్నెలో నీళ్లు పెట్టమన్నాను. రజకో బదులు ఎండుగడ్డి, తడిపిన కొత్తిమీర. జారే టైల్స్ మీద గోనెసంచులు పరచాలి. షెడ్డులో మిగిలే పాలిస్టర్ ముక్కలు మాత్రం వద్దు, కొరికి మింగితే పేగుకు అడ్డం పడతాయి.

ఉత్తరాయణం దాటాక మళ్లీ తెచ్చారు. తోక కింద శుభ్రంగా ఉంది, పుండు మానుతోంది. "ఇప్పుడు నా కాళ్ల చుట్టూ తిరుగుతున్నది సారూ" అంది ఆ తల్లి. మందు ఆపొద్దని, మూడు నెలలకోసారి కిడ్నీ పరీక్ష చేయించాలని చీటీ మీద రాసిచ్చాను.