పిట్స్‌బర్గ్‌లో మంచు... తిరుపతిలో మనసు

మాది తిరుపతి. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటినా మిద్దె మీద వడియాలు పెట్టుకునేవాళ్ళం. చలంటే మాకు ధనుర్మాసంలో తెల్లవారుజామున తిరుమల కొండమీద వణికించే చలే. అలాంటి నేను 2010 ఫిబ్రవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, మంచులో కూరుకుపోయిన ఇంట్లో, కరెంటు లేకుండా, మూడు వారాల పసిబిడ్డను ఎదకు హత్తుకుని కూర్చోవాల్సి వచ్చింది.

అసలు ఆ ప్రయాణమే దిగులు ప్రయాణం. అమ్మాయి కాన్పు కోసం జనవరిలో ఒక్కదాన్నే బయల్దేరాను. అంతకు రెండు నెలల ముందే మా ఆయనకు గుండెకు స్టెంట్ వేశారు. ‘‘నన్ను చూసుకోవడానికి మా చెల్లెలుంది. అక్కడ బిడ్డకు ఎవరున్నారు? నువ్వు పో’’ అని ఆయనే పట్టుబట్టి విమానం ఎక్కించారు. తీరా అక్కడికెళ్ళాక తెలిసింది... అల్లుడి ఉద్యోగం పోయిందని! 2008 నాటి ఆర్థికమాంద్యం దెబ్బ అప్పటికింకా తగ్గలేదు. చెబితే బాధపడతామని మా దగ్గర దాచారు. ఇంట్లో ఉన్నది ముగ్గురమే అయినా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిరిగేవాళ్ళం.

కొండ మీద వెంకన్న

ఊరు మాత్రం నాకు భలే నచ్చింది. ఎటు చూసినా కొండలే. అలెఘెనీ, మొనాంగహేలా అనే రెండు నదులు ఊరి నడిబొడ్డున కలిసి ఒహాయో నదిగా మారతాయి. ఒకప్పుడు ఉక్కు కర్మాగారాలకు పెట్టింది పేరు. అన్నిటికన్నా ముఖ్యం, ఊరికి తూర్పున పెన్‌హిల్స్ కొండవాలులో ఉన్న శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయం. తిరుమల తిరుపతి దేవస్థానం సాయంతో 1976-77లో కట్టిన గుడి అది. కారులో వెళ్తుంటే చెట్ల మధ్య నుంచి తెల్లటి గోపురం కనిపించగానే, రైలు దిగి కొండకేసి చూసి దండం పెట్టుకున్నట్టే చేతులు జోడించాను. బిడ్డకు నెల నిండగానే అక్కడికి తీసుకెళ్ళాలని మొక్కుకున్నాను.

శుక్రవారం, ఫిబ్రవరి 5. మధ్యాహ్నం దాటాక మంచు మొదలైంది. మన వాన చెప్పి వస్తుంది. మబ్బు కమ్ముతుంది, ఉరుముతుంది, మట్టివాసన వేస్తుంది. మంచుకు అవేమీ లేవు. చడీచప్పుడు లేకుండా దూది పింజల్లా రాలుతూనే ఉంటుంది. ‘ఎంత అందంగా ఉందో’ అని కిటికీ దగ్గర నిలబడి చూశాను. అర్ధరాత్రి ఫెళఫెళమంటూ చప్పుడు. తడిమంచు బరువుకు చెట్ల కొమ్మలు విరిగి కరెంటు తీగల మీద పడుతున్నాయట. కాసేపటికి ఇల్లంతా చీకటి.

అక్కడి ఇళ్ళను వెచ్చబెట్టే యంత్రం గ్యాస్‌తో నడిచేదే. కానీ ఆ వేడిగాలిని గదుల్లోకి తోసే ఫ్యాను తిరగడానికి కరెంటు కావాలి. కరెంటు పోతే గ్యాస్ ఉన్నా ఇల్లు చల్లబడిపోతుంది. పొయ్యి వెలిగించి వెచ్చబెడదామంటే, తలుపులన్నీ మూసిన ఇంట్లో విషవాయువు పేరుకుంటుందని అల్లుడు వద్దన్నాడు. అందరం ఒకే గదిలోకి చేరి, తలుపు సందుల్లో పాత చీరలు కుక్కాం. బిడ్డను అమ్మాయి రవికెలోకి పెట్టుకుంటే పైన నేను రెండు రగ్గులు కప్పాను. పైపుల్లో నీళ్ళు గడ్డకడితే పగిలిపోతాయని కొళాయిలను సన్నగా కారేలా వదిలాం. ఆ రాత్రంతా నేను చేసిన పని ఒక్కటే... బిడ్డ పాదాలు చల్లబడ్డాయేమోనని తడిమి చూడటం.

తెల్లవారి చూద్దును కదా, వీధి లేదు, కార్లు లేవు. అన్నీ తెల్లటి దిబ్బలే! 21 అంగుళాల మంచు పడిందన్నారు. అంటే మోకాలు దాటి. అప్పుడే తిరుపతి నుంచి మా ఆడపడుచు ఫోను. ‘‘వదినా, అన్నకు ఎదలో నొప్పంటే ఆస్పత్రిలో చేర్పించినాం. నువ్వేం భయపడొద్దు...’’ అంతే. ఛార్జింగ్ అయిపోయి ఫోను ఆగిపోయింది.

నా కాళ్ళ కింద నేల కదిలిపోయినట్టయింది. ఇక్కడ బిడ్డ, అక్కడ ఆయన. మధ్యలో ఏడు సముద్రాలు. అల్లుడు మారు మాట్లాడకుండా పార తీసుకుని బయటికెళ్ళాడు.

ముప్పై అడుగుల దారి

ఫోను ఛార్జింగ్ పెట్టడానికి కారు ఒక్కటే దిక్కు. అదేమో మంచు కింద ఉంది. తవ్వుతుంటే పక్కింటి పెద్దావిడ కిటికీలోంచి కేకేసింది. పొగగొట్టం చుట్టూ మంచు తీయకుండా ఇంజను వేయొద్దని! అది మూసుకుపోతే పొగ లోపలికి వచ్చి ప్రాణాలు పోతాయట. డెబ్భై ఏళ్ళు దాటిన ఒంటరి మనిషి. వాళ్ళింట్లో కట్టెల నెగడు ఉంది. ‘పసిబిడ్డను పెట్టుకుని అక్కడెందుకు, మా ఇంటికి వచ్చేయండి’ అంది. మా గుమ్మానికీ ఆమె గుమ్మానికీ మధ్య ముప్పై అడుగులుంటుందేమో. ఆ దారి తీయడానికి అల్లుడికి గంటన్నర పట్టింది. నేనూ వంటగదిలోని బేసిను తీసుకుని సాయం వెళ్ళాను. సగం దారిలో పార ఆపి, తల వంచుకుని, ‘‘ఉద్యోగం సంగతి చెప్పే ధైర్యం లేకపోయింది అత్తయ్యా’’ అన్నాడు. ‘‘ముందు ఈ దారి తియ్యి నాయనా, అది తర్వాత చూసుకుందాం’’ అన్నాను. నెల రోజుల్లో మేమిద్దరం మనసు విప్పి మాట్లాడుకున్నది అప్పుడే.

మధ్యాహ్నానికి కారులో ఫోను బతికింది. తిరుపతిలో అప్పటికి రాత్రి పొద్దుపోయింది. ఆయనే ఎత్తారు. ‘‘గుండెకేం లేదంట, గ్యాస్ నొప్పేనంట. రేపు ఇంటికి పంపిస్తారు. బిడ్డ వెచ్చగా ఉందా?’’ ఆ గొంతు విని అక్కడే కారులో కూర్చుని ఏడ్చేశాను.

అందరికీ ఆ అదృష్టం లేదు. అదే నగరంలో ఒక మనిషి మంచు మూసిన వీధుల్లోంచి అంబులెన్సు రాలేక, గంటల తరబడి ఎదురుచూసి ప్రాణం వదిలాడని తర్వాత పేపర్లో చదివాం.

ఆదివారం రాత్రి కరెంటొచ్చింది. రెండు రోజులకే మళ్ళీ మంచు. ఆ ఒక్క నెలలోనే ఆ ఊళ్ళో 48 అంగుళాలకు పైగా పడింది. వీధుల్లో ఒక వింత చూశాను. కష్టపడి మంచు తవ్వి కారుకు చోటు చేసుకున్నవాళ్ళు బయటికెళ్ళేటప్పుడు అక్కడొక పాత కుర్చీ వేసి పోతారు. దాన్ని ఎవరూ కదపరు. మన బస్టాండులో కిటికీలోంచి సీట్లో తువ్వాలు వేసినట్టే! అది చూసి మా అల్లుడూ నేనూ పడీపడీ నవ్వాం. ఆ ఇంట్లో నవ్వు వినిపించడం చాలా రోజుల తర్వాత అదే. అతనికి వేసవిలో ఉద్యోగం దొరికింది. మొక్కు మాత్రం ఆలస్యంగా తీరింది. దార్లు బాగుపడ్డాక, మార్చిలో.

పదకొండేళ్ళు గడిచాయి. 2021 నవంబరులో తిరుపతిని వాన ముంచెత్తింది. ఘాట్ రోడ్లు మూసేశారు, శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయింది. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు, కరెంటు లేదు. ఆయనా నేనూ మేడమీదికి చేరి కూర్చున్నాం. కిందింటివాళ్ళను కూడా పైకి రమ్మన్నాం. అందరికీ సరిపడా ఉప్మా చేస్తుంటే పిట్స్‌బర్గ్ నుంచి ఫోను. ‘ఎలా ఉన్నారు’ అని కూడా అడగలేదు మా అమ్మాయి.

‘‘అమ్మా, ఫోన్‌లో ఛార్జింగ్ ఎంతుంది?’’ అంది.