తోలుబొమ్మ నేర్పిన నటన

ముద్దనూరు అనగానే చాలామందికి గుర్తొచ్చేది థర్మల్ విద్యుత్తు కేంద్రం పొగగొట్టాలే. ముంబయి-చెన్నై రైల్లో వెళ్లేవాళ్లకైతే అదో చిన్న స్టేషను, చుట్టూ నాపరాళ్లు. గండికోట చూడాలనుకునేవాళ్లు కొందరు ఇక్కడ దిగి జమ్మలమడుగు దారి పడతారు. అంతకుమించి ఆగేవాళ్లు తక్కువ. నాటకమంటే ప్రాణం పెట్టేవాళ్లకు మాత్రం ఈ కూడలి మంచి మజిలీ. పడమరకు రైలెక్కితే తాడిపత్రి వస్తుంది. తూర్పున ప్రొద్దుటూరు. దక్షిణానికి తిరిగితే తొండూరు మీదుగా పులివెందుల, ఆపైన వేంపల్లె, గండి, సురభి. నటుడు పాత్రను నోటితో కట్టాలా, ఒంటితో కట్టాలా? ఈ పాత ప్రశ్నకు ఈ దారుల్లో ఒక్కోచోట ఒక్కో జవాబు దొరుకుతుంది.

ముందు పడమరకే వెళ్దాం.

రాయలసీమలో పౌరాణిక నాటకమంటే పద్యమే. కృష్ణుడు మైకు ముందుకొచ్చి హార్మోనియం శ్రుతి అందుకుంటే చాలు, జనం చెవులు రిక్కిస్తారు. రాగం ఎంత సాగితే అన్ని చప్పట్లు, ఆపైన వన్స్‌మోర్‌లు. ఆ గొంతుల గొప్పదనాన్ని కాదనేవారెవరూ లేరు. కానీ ఆ కాసేపూ కృష్ణుడి కాళ్లు మైకుకు కట్టేసినట్టే ఉంటాయి. అర్జునుడైనా, దుర్యోధనుడైనా నిలబడే తీరు ఒక్కటే. పాత్రలు గొంతుల్లో తప్ప ఒంట్లో వేరు కావు.

ఈ సంగతి మీద గట్టిగా మాట్లాడిన మనిషి తాడిపత్రిలోనే పుట్టాడు. పేరు రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న పుట్టి, బళ్లారిలో ప్లీడరుగా స్థిరపడి, లోకానికి బళ్లారి రాఘవ అయ్యాడు. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయనకు మేనమామ. అంటే రాఘవది పద్యనాటకం పుట్టిన ఇల్లే. ఆ ఇంటివాడే రాగాలు తీయడం నటన కాదన్నాడు. హిరణ్యకశిపుడికి ఒక నడక, పఠాన్ రుస్తుంకు మరో నడక ఉండాలనుకున్నాడు. ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టాడు. షేక్‌స్పియర్ పాత్రలూ వేశాడు, ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలిశాడు. 1946లో ఆయన పోయాక కూడా పద్యానిదే పైచేయి, అది వేరే విషయం.

ఇక తూర్పుకు వెళితే ప్రొద్దుటూరు. బంగారం అంగళ్లకూ దసరా ఉత్సవాలకూ పేరున్న ఊరు. ఇక్కడున్న రోజుల్లోనే పుట్టపర్తి నారాయణాచార్యులు అగస్త్యేశ్వరాలయంలో ప్రదక్షిణలు చేస్తూ ‘శివతాండవం’ కట్టారని చెబుతారు. ఆయన చిన్నప్పుడు పెనుకొండలో నాట్యం నేర్చుకున్నారు, నాటకాల్లో ఆడవేషాలు వేశారు. తాండవం మీద అంతమంది రాశారు గానీ, చదువుతుంటే పాఠకుడి కాలు కదిలేది ఈ కావ్యానికే. రాసిన చేతి వెనక గజ్జె కట్టిన కాలుంది మరి.

కైఫీయత్తులో ఓ నాటకం

ఇంకాస్త తూర్పుగా కడప దాటి పెన్న ఒడ్డున సిద్ధవటం వరకూ వెళితే, అభినయానికి ఎంత బలముందో చెప్పే కథ ఒకటుంది. మెకంజీ సేకరించిన కైఫీయత్తుల్లో మాచుపల్లె కైఫీయత్తులో ఉందది. విజయనగరాన్ని వీరనరసింహరాయలు ఏలుతున్న కాలం, అంటే 16వ శతాబ్దం తొలి సంవత్సరాలు. సిద్ధవటం సీమ సమ్మెట గురవరాజు చేతుల్లో ఉంది. డబ్బు రాబట్టుకోవడానికి అతను ఆడవాళ్లను సైతం ఘోరంగా హింసించేవాడు. ఆ దారిన వెళ్తున్న కూచిపూడి భాగవతులు అది కళ్లారా చూశారు. విజయనగరం చేరి రాయల ముందు వేషం కట్టారు. ఒకరు గురవరాజు, కొందరు అతని భటులు, ఒకరు వాళ్ల చేతికి చిక్కిన స్త్రీ. తాము చూసిన హింసను చూసినట్టే చేసి చూపించారు. రాయలకు విషయం అర్థమైంది. సైన్యాన్ని పంపి గురవరాజును పట్టి తెప్పించి చంపించాడు.

అర్జీ రాసిస్తే రాయలదాకా చేరేదో లేదో! దారిలో ఎన్ని చేతులు మారేదో! భాగవతులు కాగితాన్ని నమ్ముకోలేదు. గురవరాజు ఎలా కూర్చుంటాడు, ఎలా చెయ్యెత్తి ఆజ్ఞ ఇస్తాడు, ఆ స్త్రీ ఎలా విలవిల్లాడుతుంది... ఇవి కళ్ల ముందు కనిపించాక రాజుకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. కూచిపూడి భాగవతుల గురించి దొరికే పాత ఆధారాల్లో దీన్నొకటిగా చరిత్రకారులు చెబుతారు. కృష్ణా తీరం కళకు తొలి సాక్ష్యాల్లో ఒకటి కడప సీమ కైఫీయత్తులో ఉండటం విశేషమే కదా.

తెర వెనక నుంచి తెర ముందుకు

ఇప్పుడు దక్షిణం దారి. పులివెందుల, వేంపల్లె దాటాక పాపఘ్ని కొండల్ని చీల్చుకుని వచ్చే చోటు గండి. ఇక్కడి ఆంజనేయుడి రూపాన్ని సాక్షాత్తూ శ్రీరాముడే బాణం మొనతో రాతి మీద గీశాడని స్థలపురాణం. ఎడమచేతి చిటికెనవేలు గీయకుండా వదిలేశాడట. తర్వాత ఓ శిల్పి ఆ వేలు చెక్కబోతే రక్తం వచ్చిందట. రాతిబొమ్మలో చిటికెనవేలు కూడా ఇంత లెక్కలోకి వచ్చిన చోటికి దగ్గర్లోనే, అదే చక్రాయపేట మండలంలో ఉంది సురభి. వేళ్లూ కీళ్లూ తెలిసిన ఓ తోలుబొమ్మలాట కుటుంబం మనుషుల నాటకం మొదలుపెట్టిన ఊరు.

వనారస వారిది మరాఠా మూలాలున్న కుటుంబం. తరాలుగా తోలుబొమ్మలాడించి బతికారు. 1885లో వనారస గోవిందరావు, చిన్న రామయ్య సోదరులు సురభి గ్రామంలో ‘కీచకవధ’ వేశారు. ఈసారి తెర మీద బొమ్మలు లేవు. తెర ముందు మనుషులే! ఆ ఊరి పేరే సమాజానికి పేరైంది.

తోలుబొమ్మను దగ్గర్నుంచి చూసినవాళ్లకు ఆ మార్పు ఎంత సహజమో తెలుస్తుంది. పల్చగా గీకిన మేకతోలు, దాని మీద రంగులు, ఒంటికి అక్కడక్కడా కీళ్లు. పెద్ద పాత్రలైతే మనిషెత్తు బొమ్మలు. బొమ్మకు ముఖం మారదు. కోపమొచ్చినా అదే కన్ను, ఏడుపొచ్చినా అదే పెదవి. కాబట్టి కోపం భుజంలో రావాలి. దిగులు మెడ వాలడంలో రావాలి. సిగ్గు నడుము దగ్గర తెలియాలి. ఆడించేవాడు చేతులొక్కటే ఆడించి ఊరుకోడు. పాట పాడుతూ, మాట చెబుతూ, కాలి కింది చెక్కను తొక్కుతూ బొమ్మతోపాటు తనూ ఆడతాడు. యుద్ధంలో రావణుడు గంతేస్తే తెర వెనక అతనూ గంతేస్తాడు. ఇలా తరాల తరబడి ఒంట్లో ఇంకిన కదలికలవి. తెర అడ్డు తీసేస్తే నటుడు అప్పటికే అక్కడున్నాడు.

తొలి నాటకంగా కీచకవధే కుదరడం చూడండి. కీచకుడు చచ్చేది నర్తనశాలలో, చీకట్లో. ద్రౌపది ఉండాల్సిన చోట భీముడు ముసుగేసుకుని ఉంటాడు. అక్కడ పద్యానికి చోటెక్కడిది? నోరు తెరిస్తే గుట్టు బయటపడుతుంది. భీముడు కాసేపు ఆడమనిషిలా ఒదిగి, ఒక్క క్షణంలో మళ్లీ భీముడు కావాలి. అదంతా ఒంటితోనే జరగాలి.

మరో సంగతి. బొమ్మలాటలో ఆడబొమ్మలకు గొంతు ఆడవాళ్లే ఇచ్చేవారు. ఆ అలవాటే రంగస్థలం మీదికీ వచ్చింది. మిగతా సమాజాల్లో మగవాళ్లు చీరలు కట్టుకుంటున్న రోజుల్లోనే సురభిలో స్త్రీలు వేషం కట్టారు. ఆ కుటుంబాల నుంచి వచ్చిన సురభి కమలాబాయి 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి అయింది.

లోపలి భావం తర్వాత, ముందు చేసే పని సరిగ్గా చెయ్యి అని రష్యాలో స్తానిస్లావ్‌స్కీ తన చివరి రోజుల్లో, 1930ల్లో నటులకు చెప్పాడు. ఆయన శిష్యుడు మైకేల్ చెహోవ్ ఇంకో అడుగు వేశాడు. పాత్ర కోరికంతా ఒకే ఒక్క పెద్ద కదలికలో పెట్టి సాధన చేయమన్నాడు. పిసినారి పాత్రయితే రెండు చేతులతో లోకాన్నంతా తనవైపు లాక్కోవడం. రంగస్థలం మీద ఆ కదలిక కనిపించనక్కర్లేదు, దాని గుర్తు ఒంట్లో ఉంటే చాలు, మాట దానంతటదే మారుతుంది. 1953లో దీని మీద పుస్తకం రాశాడు. హాలీవుడ్‌లో మార్లిన్ మన్రో ఆయన దగ్గర నేర్చుకుంది. బొమ్మలాటవాళ్లు ఆ పుస్తకం చదివి ఉండరు. వాళ్లకు బొమ్మే గురువు.

పద్యం సురభిలోనూ ఉంది, హార్మోనియమూ ఉంది. అయినా జనం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లేది ‘మాయాబజార్’లో గారడీల కోసం. ఆ గారడీ తీగల్లో, తెరల్లో ఉందనుకుంటాం. సగం నిజమే. తీగ లాగే మనిషీ, రంగం మీది మనిషీ ఒకే లెక్కలో కదలకపోతే ఘటోత్కచుడు నవ్వులపాలవుతాడు. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ రాసిలేదు. 1990ల్లో బి.వి.కారంత్ వచ్చి సురభి నటులతో ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించారు. చివరిది బ్రెక్ట్ నాటకానికి తెలుగు రూపం. మాయలూ మంత్రాలూ లేని ఆ కథలోనూ వాళ్లు ఒదిగిపోయారు.

ఒకప్పుడు ముప్పైకి పైగా సమాజాలుగా విస్తరించిన కుటుంబమిది. ఇప్పుడవి వేళ్లమీద లెక్కపెట్టేటన్నే. సమాజాన్ని నడిపిన నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. పొరుగున అనంతపురం సీమలో తోలుబొమ్మలకు పేరుపడ్డ నిమ్మలకుంటలో దళవాయి చలపతిరావుకు 2020లో అదే గౌరవం దక్కింది. కానీ ఆ ఊళ్లో ఇప్పుడు ఎక్కువగా తయారయ్యేవి దీపాల గొడుగులు. తోలు అదే, రంగులూ అవే. గోడకు వేలాడే బొమ్మకు మాత్రం కీళ్లు అక్కర్లేదు.

సురభి నటుల్ని చూడాలంటే ఇప్పుడు వెళ్లాల్సింది సురభికి కాదు, హైదరాబాద్ శేరిలింగంపల్లిలోని సురభి కాలనీకి. అక్కడి పిల్లలు కొందరికి మాటలు రాకముందే వేషం వస్తుంది. పసికందైతే బాలకృష్ణుడు, నడక వస్తే లవుడో కుశుడో. తమ వేషం అయిపోయాక పక్క తెర చాటున కూర్చుని పెద్దవాళ్ల నాటకం చూస్తారు. గద భుజాన వేసుకునేటప్పుడు తాత ఏ కాలు ముందుకేస్తాడో వాళ్లకు తెలుసు.