చిలికాలో మొదటి తెరచాప ప్రయాణం

బరంపురంలో ఉత్తరాదికి పోయే రైలెక్కి ఛత్రపురం, గంజాం దాటి, హుమ్మా ఉప్పు మళ్ళు కనిపించగానే కుడిచేతి కిటికీ దగ్గరకు చేరడం మన ఇళ్ళలో పిల్లలకూ పెద్దలకూ అలవాటే. రంభ స్టేషను వచ్చేసరికి చిలికా కనబడుతుంది. ఎడమవైపు కొండలు, కుడివైపు నీళ్ళు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు రాజధానిలోనిదే. కనుక మన తాతల నాటినుంచీ చిలికా మన వాకిటి చెరువు వంటిది. అయినా మనలో చాలామంది దానిని కిటికీలోనుంచి చూసినవారే కాని, దాని మీద గాలివాటున పోయినవారు కారు.

చెరువు అన్నానని చిన్నదనుకోకండి. పొడవు సుమారు 65 కిలోమీటర్లు. ఎండాకాలంలో 900 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, వర్షాకాలంలో 1,100 పైన విస్తీర్ణం. పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాలు మూడూ దాని ఒడ్డునే ఉన్నవి. నదుల మంచినీరూ సముద్రపు ఉప్పునీరూ కలిసే చోటు గనుక ఋతువును బట్టి ఉప్పదనం మారుతుంది. ఇసుక మేటలతో పాత ముఖద్వారం పూడిపోగా 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త దారి తవ్వారు. అటుపై చేపలూ రొయ్యలూ తిరిగి వృద్ధి అయినవి. చలికాలంలో దూరదేశాల పక్షులు నలబన దీవి చుట్టూ వాలుతాయి. సాతపడా వైపు డాల్ఫిను చేపలు కనిపిస్తాయి. వాటిని చేపలంటాము గాని అవి పాలిచ్చే జంతువులే.

ఈ నీటికి లోతు తక్కువ. చాలా చోట్ల రెండు నిలువులు కూడా ఉండదు. అందుచేత భయం లేదనుకోవడం పొరపాటు. లోతు తక్కువైన నీటిలో గాలి లేస్తే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనుక ఒకటిగా వచ్చి పడవను కొడతాయి. అడుగున బురద, నాచు. కాలు మోపితే దిగబడుతుంది. పైగా రొయ్యల కోసం వెదురు బొంగులు పాతి వలలు కట్టిన దడులు, వాటిని అక్కడ ఘేరీలంటారు, తెలియనివాడి పడవను పట్టేస్తాయి.

ముందుగా కాలం చూసుకోవాలి. మార్చి మొదలు మే వరకు సాయంత్రాలు కాలబైశాఖి గాలివానలు క్షణంలో విరుచుకుపడతాయి. తరువాత నైరుతి గాలి, వర్షాలు. అక్టోబరు మాట మనకు వేరే చెప్పాలా? 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. కనుక డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలే మేలు. అప్పుడైనా వాతావరణ శాఖవారి ప్రకటన ముందు రాత్రి ఒకసారి, తెల్లవారి ఒకసారి చూడాలి. ఉదయం బయలుదేరి, మధ్యాహ్నం గాలి ముదిరేలోగా ఒడ్డు చేరాలి.

తరువాత పడవ. ఈనాడు చిలికాలో చాలా పడవలకు మోటార్లు బిగించారు. బార్కూల్, రంభలలో యాత్రికులను తిప్పేవీ మోటారు పడవలే. తెరచాప కట్టే పడవ కావాలంటే జాలరుల ఊళ్ళో తెలిసినవారి ద్వారా అడగాలి. తెరచాపను ఒరియాలో ‘పాల’ అంటారు, పడవవానిని ‘నావురియా’ అంటారు. ఈ రెండు మాటలూ వస్తే సగం పని అయినట్లే. మొదటిసారికి చాపతో పాటు చిన్న మోటారో, కనీసం రెండు తెడ్లూ ఒక గడకర్రా ఉన్న పడవ మంచిది. అడుగున నీరు ఊరుతున్నదా, తోడిపోయడానికి డబ్బా ఉన్నదా, చుక్కాని బిగువుగా ఉన్నదా, లంగరు తాడు చివికిందా అన్నవి అడిగి, కళ్ళతో చూడాలి. ఎంతమందిని ఎక్కించవచ్చునో పడవవాడినే చెప్పమనండి. ఆ లెక్క మీద చంటిపిల్లనైనా అదనంగా ఎక్కించవద్దు.

లైఫ్ జాకెట్టు విషయంలో మొగమాటం పనికిరాదు. తొడుక్కుని పట్టీలన్నీ బిగించిన తరువాత భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. అది చెవులదాకా జారి వస్తే ఆ మనిషికి సరిపోలేదన్నమాట. పిల్లలకు పిల్లల కొలతదే కావాలి. ఉక్కగా ఉన్నదని విప్పి ఒళ్ళో పెట్టుకుంటే తలదిండుకు ఎక్కువ, ప్రాణానికి తక్కువ. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండలకు పోయే పడవ మునిగినప్పుడు మనవాళ్ళు ఎందరు పోయారో మరిచిపోలేము. ఆడవారు జారుచీర కుచ్చెళ్ళు కాళ్ళకు చుట్టుకోకుండా పైకి దోపి కట్టుకోవాలి. సల్వారైతే మరీ మంచిది.

పడవలో పాటించవలసినవి కొద్దే. లేచి నిలబడకూడదు. ఒకరు ఒకవైపు వంగి చూస్తే అందరూ అటే జరగకూడదు. చాప తాడు ఎప్పుడూ మనిషి చేతిలో ఉండాలి గాని కొయ్యకు ముడివేసి ఉంచకూడదు. విసురుగాలి తగిలిన క్షణంలో తాడు వదిలితే చాప గాలిని వదిలేస్తుంది, పడవ నిలదొక్కుకుంటుంది. గాలి పెరుగుతుందని అనుమానం రాగానే చాప దించాలి, పెరిగాక కాదు. ఒకవేళ పడవ బోల్తా పడితే ఒడ్డు దగ్గరే గదా అని ఈదబోవద్దు, పడవనే పట్టుకుని ఉండాలి. తేలే పడవ దూరానికి కనబడుతుంది, మనిషి తల కనబడదు.

పోయిన జనవరిలో మేము ఏడుగురం బార్కూల్ వైపునుంచి కాళీజాయి దీవికి బయలుదేరాము. మా మేనత్తగారికి అక్కడ మొక్కు ఉన్నది. డెబ్బై దాటిన మనిషి. నాలుగేళ్ళుగా ఆ మొక్కు వాయిదా పడుతూ వచ్చింది. సగం దూరం పోయేసరికి ఈశాన్యపు గాలి బలపడి నీటి మీద తెల్లని నురుగులు లేచాయి. పడవవాడు ఆకాశం వంకా మా పిల్లల వంకా చూసి చాప సగానికి దించి, “తిరిగిపోదాం బాబూ” అన్నాడు. గుడి కనబడుతూనే ఉన్నది. అత్తయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుని, “ఇంత దూరం వచ్చి అమ్మ ముఖం చూడకుండానా? నేను మళ్ళీ వస్తానో రానో!” అన్నది.

కాళీజాయి కథ చిలికా ఒడ్డున అందరికీ తెలుసు. జాయి అనే కన్యను పెళ్ళి చేసి, తండ్రి పడవలో అత్తవారింటికి పారికుడ్ దీవికి తీసుకుపోతుండగా గాలివాన వచ్చి పడవ బోల్తా పడింది. తక్కినవారు బతికారు, పిల్ల దొరకలేదు. ఆమే పడవవాళ్ళను కాచే దేవత అయిందని నమ్మకం. మా పడవవాడు చుక్కాని వదలకుండానే ఒరియా కలిసిన తెలుగులో, “అమ్మ పోయింది గాలిలోనే గదా తల్లీ. గాలి చూసి వెనక్కి మళ్ళినవాళ్ళ మీద ఆవిడకి కోపం ఎందుకొస్తుంది?” అన్నాడు. అత్తయ్య మరి మాట్లాడలేదు. దీవి వైపు దణ్ణం పెట్టి, కొంగున ముడివేసిన మొక్కు రూపాయి విప్పి అతని చేతిలో పెట్టింది. వాలుగాలి గనుక ఒడ్డుకు చప్పున చేరాము. ఫిబ్రవరిలో గాలి నెమ్మదించిన ఒక ఉదయం మళ్ళీ వెళ్ళి, పసుపూ కుంకుమా ఆమె చేతులతోనే ఇప్పించాము.

ఆనాడు మాకు కలిసివచ్చిన సూత్రం ఒకటి ఉన్నది. పోయేటప్పుడు గాలికి ఎదురుగా పోతే, వచ్చేటప్పుడు గాలే ఇంటికి తెస్తుంది. హాయిగా వాలుగాలిన పోయినవాడికే తిరుగు ప్రయాణంలో కష్టం. పల్లెలో అలా ఆలోచించే పడవవాడు దొరికితే అతని మాట కాదనకండి. కిరాయి ఇచ్చాము గదా అని బలవంతం చెయ్యకండి. తిరిగివచ్చినా పూర్తి కిరాయి ఇస్తామని ముందే చెబితే, అతను డబ్బు కోసం గాలికి ఎదురు నిలవడు.

బయలుదేరే ముందు ఒడ్డున ఒకరికి మీరెందరు, ఎటు పోతున్నారు, ఎన్నింటికి వస్తారు అన్నది చెప్పండి. మంచినీళ్ళు, టోపీలు, ఒక ఈల, టార్చిలైటు, పిల్లలకు మారుబట్టలు, నీరు చొరని సంచిలో టెలిఫోను పెట్టుకోండి. ఆపదలో 112కు, సముద్రపు వైపైతే తీర రక్షక దళం వారి 1554కు పిలవవచ్చు. పొద్దున్నే నూనె పిండివంటలు తినకుండా రెండిడ్డెనలతో సరిపెట్టుకుంటే కడుపు తిప్పదు. తిప్పితే దూరాన కొండల వంక చూస్తూ కూర్చోవాలి.

చాప నిండి, మోటారు చప్పుడు లేక, పడవ నీటిని కోసుకుపోయే ఆ సన్నని శబ్దం ఒక్కసారి విన్న పిల్లలు జన్మలో మరిచిపోరు. వినిపించండి. కాని వారందరినీ ఎంతమందిగా ఎక్కించారో అంతమందిగానే దింపుకుని ఇంటికి తీసుకురండి.