ఎడమ చేతిలో ఏముంది?

మా అక్క కూతురు ఇంజనీరింగ్ చదువుతోంది. ఆదివారాలు హనుమకొండలో ఒక స్నేహితురాలి ఇంటి మేడ మీద ఐదారుగురు చేరి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆడతారు. బల్ల చుట్టూ కూర్చుని ఒకరు కథ నడిపిస్తుంటే, మిగతావాళ్ళు తమ తమ పాత్రలు ఏం చేస్తాయో చెప్పి, పాచికలు వేసి ఫలితం చూసుకునే ఆట. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేశారు. పిల్ల తన పాత్రకి రుద్రమ అని పేరు పెట్టుకుంది. పెట్టుకుని నాకు ఫోన్ చేసింది. "పిన్నీ, నువ్వు పీహెచ్‌డీ చేశావు కదా, చెప్పు. రుద్రమకి డాలు ఇవ్వాలా, రెండు చేతులతో పట్టే పెద్ద కత్తి ఇవ్వాలా?"

నా పీహెచ్‌డీని ఇంత సూటిగా పనికి పిలిచినవాళ్ళు ఇంతవరకూ లేరు. ముందు ఆ ఆట లెక్కేమిటో చెప్పమన్నాను. 2014లో వచ్చిన నియమాల ప్రకారం డాలు పట్టుకుంటే రక్షణ అంకె రెండు పెరుగుతుంది. దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది కాబట్టి, మామూలుగా ఇరవైలో రెండు దెబ్బలు డాలు వల్ల తప్పిపోతాయన్నమాట. పెద్ద కత్తికి ఆరు ముఖాల పాచికలు రెండు, సగటున ఏడు. ఒంటిచేతి కత్తికి ఎనిమిది ముఖాల పాచిక ఒకటి, సగటున నాలుగున్నర. కానీ ఒంటిచేతి కత్తిలో ప్రత్యేకంగా శిక్షణ పొందినవాళ్ళకు ఇంకో రెండు కలుస్తాయి, డాలు ఉన్నా సరే. అంటే ఆరున్నర. అరముక్క తేడా కోసం డాలు వదులుకోవడం ఎందుకనిపించింది నాకు. పెద్ద కత్తికీ వేరే శిక్షణ ఉందట, ఒకట్లూ రెండ్లూ పడితే పాచిక మళ్ళీ వేసుకోవచ్చట. సగటు ఎనిమిది దాటుతుంది. ఇక్కడితో లెక్కలు ఆపమన్నాను.

అసలు గొడవ లెక్క దగ్గర లేదు. ఆ గుంపులో మగపిల్లలు నలుగురు. మొదట ఈ పిల్లని వైద్యం చేసే పాత్ర తీసుకోమన్నారు, అందరి గాయాలూ మాన్పడానికి. కాదంది. యోధురాలినే అవుతానంది. సరే, అయితే డాలు పట్టుకుని మా ముందు నిలబడు, మేం వెనకనుంచి కొడతాం అన్నారు. నియమాల్లో అందుకు దారి కూడా ఉంది. డాలు ఉన్న యోధులు పక్కవాళ్ళ మీద పడే దెబ్బకి అడ్డం వెళ్ళి గురి తప్పించవచ్చు. పిల్ల బాధ అదీ. "డాలు నాకిష్టమే పిన్నీ. కానీ వాళ్ళు చెప్పారని పట్టుకోవడం ఇష్టం లేదు."

ఈ ఆటకి ఆడవాళ్ళతో పాత పేచీ ఒకటుంది. 1978లో వచ్చిన ఆటగాళ్ళ పుస్తకంలో మగ యోధుడి బలం పద్దెనిమిది దాటి ఇంకో నూరు మెట్లు ఎక్కవచ్చు. మనుష్య జాతి ఆడ యోధురాలు ఆ నూరులో యాభై దగ్గర ఆగిపోవాలి. డ్రాగన్లు నిప్పులు కక్కుతాయి, మంత్రగాళ్ళు గాలిలో ఎగురుతారు, అదంతా నమ్మవచ్చు. ఆడమనిషికి మగవాడంత బలం ఉందంటే మాత్రం నమ్మడం కష్టం! 1989లో వచ్చిన రెండో కూర్పులో ఆ నియమం తీసేశారు.

రుద్రమ విషయానికొస్తే, ఓరుగల్లు కోటలో స్వయంభూ దేవాలయానికి చెందిన శిల్పాల్లో ఆమెదని చెప్పే ప్రతిమ ఒకటి ఉంది. సింహం మీద కూర్చున్న స్త్రీ, ఒక చేతిలో బాకు, ఇంకో చేతిలో డాలు. అది రాయగజకేసరి అన్న బిరుదుకి రూపమని చరిత్రకారులు అంటారు. మన ప్రాంతంలో వీరుల శిల్పాలు చూసినవాళ్ళకి కత్తీ డాలూ జంట పరిచయమే. యూరప్‌లో ఒళ్ళంతా ఇనుప రేకుల కవచం వచ్చాక డాలు అవసరం తగ్గి రెండు చేతుల ఆయుధాలకి చోటు దొరికింది. ఇక్కడ శిల్పాల్లో వీరులు చాలామంది నడుముకి గుడ్డ బిగించి, ఛాతీ మీద హారాలు తప్ప ఏమీ లేకుండా నిలబడి ఉంటారు. వాళ్ళకి డాలు తప్ప వేరే కవచం ఏది?

డాలు అన్న మాట మనకు తరవాత వచ్చింది. పాత తెలుగులో కేడెము అన్నారు, పలక అన్నారు. పలక! ఓనమాలు దిద్దుకునే పలకా, కత్తికి అడ్డం పెట్టే పలకా ఒకటే మాట. సంస్కృత ఫలకానికీ ఆ రెండో అర్థం ఉంది. నిఘంటువులో ఇది చూసిన రోజు చాలాసేపు వేరే పని చెయ్యలేకపోయాను. మా అమ్మమ్మ చేతికి ఏ అర్థంలోనూ పలక అందలేదు.

అయితే రెండో రుద్రమ కూడా ఉంది. వరంగల్ దగ్గర బొల్లికుంటలో ఉన్న రెండు శిల్పాలు ఆమెవేనని 2017లో పురావస్తు సర్వే అధికారులు చెప్పారు. ఒకదానిలో గుర్రం మీద ఉంది, తల మీద గొడుగు, కుడిచేత కత్తి, ఎడమచేత కళ్ళెం. డాలు లేదు. రెండోదానిలో అలసి ఒరిగి ఉంది, దగ్గర్లో యముడి దున్నపోతు. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం 1289 నవంబరు నాటిది. రుద్రమకీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని వేయించినది. దాన్ని బట్టే ఇద్దరూ అంబదేవుడితో యుద్ధంలో పోయి ఉంటారని చరిత్రకారులు ఊహిస్తారు. ఏలే మనిషికి ఎడమ చెయ్యి కళ్ళేనికే సరిపోతుంది. మరి ఆమెకి డాలు ఎవరు పట్టారు? మల్లికార్జున నాయకుడా? శాసనం ఆ వివరం చెప్పదు.

ఇంకో డాలు సంగతి కూడా చెప్పాలి. దేవగిరి యాదవుల మంత్రి హేమాద్రి తన 'వ్రతఖండం'లో మహాదేవరాజు రుద్రమని స్త్రీ కాబట్టి విడిచిపెట్టాడని రాశాడు. ఇటు చూస్తే రుద్రమ సామంతుడు భైరవుడి శాసనం బీదర్ కోటలో, అంటే యాదవుల వైపు భూమిలోనే, దొరికింది. ఓడిపోయినవాడు జాలిపడ్డానని చెప్పుకోవడం ఎంత సులువో! స్త్రీత్వమే నీకు డాలు అని మనకీ చెప్తూనే ఉంటారు. ఆ డాలు ఎవరిచ్చారో వాళ్ళే ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకుంటారు.

నాలుగేళ్ళ కిందట నేను గంటల లెక్కన పాఠాలు చెప్పిన ఒక కాలేజీలో, పరిశోధన చేస్తున్న అమ్మాయి తన గైడు మీద ఫిర్యాదు రాసి సంతకాలకి తిరిగింది. పర్మనెంట్ వాళ్ళు ఇద్దరు పెట్టారు. మిగతావాళ్ళు నాకు మంచి మాటగానే చెప్పారు, నీకు ఇంకా ఉద్యోగం రాలేదు, ముందు నిన్ను నువ్వు కాపాడుకో అని. సంతకం పెట్టాను. మరుసటి ఏడాది నాకు గంటలు రాలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ అమ్మాయి గైడు మారి థీసిస్ పూర్తిచేసింది. ధైర్యం చేశావని ఇప్పుడు అంటుంటారు కొందరు. ఆ రోజు పక్కన ఇంకో పది సంతకాలుంటే అది ధైర్యం అయ్యేదే కాదు, మామూలు పని అయ్యేది.

పిల్లకి ఈ కథ చెప్పలేదు. శిల్పాలు రెండూ చెప్పాను. మగపిల్లలతో ఒప్పందం చేసుకోమన్నాను: ఒక ఆదివారం నేను డాలు పడతాను, ఇంకో ఆదివారం మీలో ఒకడు పట్టాలి. పెద్ద కత్తి కూడా కొనుక్కుందట, ఆటలో బంగారు నాణేలు పెట్టి.

రుద్రమ దగ్గరే ఆగిపోవడం నాకు ఇష్టం లేదు. కాకతీయుల సేనతో పోరాడిన సమ్మక్కని వెనకనుంచి బల్లెంతో పొడిచారని మేడారం కథ చెప్తుంది. ఆ కథలో ఓరుగల్లు మన పక్షం కాదు. ఇక పాలకుర్తి. చాకలి ఐలమ్మ, 1940ల్లో విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి మనుషులు తన పంట మీదకి వస్తే రోకలి అందుకుందని మా వైపు అందరూ చెప్పుకుంటారు. రోజూ వడ్లు దంచే రోకలి. 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చేదాకా ఆ పోరాటంలో ఆడవాళ్ళు ఏం చేశారో వాళ్ళ నోటినుంచి వినాలని పెద్దగా ఎవరికీ తోచలేదు.

రోకలి ఎత్తితే డాలు పట్టడానికి చెయ్యి మిగలదు. ఆ రోజు పొలంలో సంఘం వాళ్ళు చుట్టూ నిలబడి పంట కోశారు, మోసుకెళ్ళి ఐలమ్మ ఇంట్లో పోశారు.