పోయే వయసా?

మా పెండ్లిమర్రి వైపు ఎవరైనా యాభై ఏళ్లకే పోతే, చూడటానికి వచ్చినవాళ్లంతా "ఇది పోయే వయసా?" అంటారు. కాసేపటికి వాళ్లే "రాత అట్లుంటే ఎవరేం చేస్తారులే" అని లేస్తారు. మా చిన్నాయన 52 ఏళ్లకు పక్షవాతంతో పోయిన రోజు నేనూ ఈ రెండు మాటలూ విన్నాను. ఆయనకు బీపీ ఉందని ఆస్పత్రిలో చూసేదాకా ఎవరికీ తెలియదు.

పోయే వయసు కాదనడానికి ఒక లెక్క ఉందట. మా అమ్మాయి చదువు పుణ్యమా అని ఈమధ్యే తెలిసింది. 30 ఏళ్లు నిండినవాళ్లలో 70 నిండకముందే గుండెజబ్బు, పక్షవాతం, క్యాన్సర్, షుగరు, ఊపిరితిత్తుల జబ్బులతో ఎంతమంది పోతారో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాలవారీగా లెక్క కడుతుంది. 2016 లెక్క ప్రకారం మన దేశంలో నూటికి 23 మంది. జపాన్‌లో 8 మంది.

ఈ తేడా చూసి "వాళ్ల తిండి వేరు, వాళ్ల ఒళ్లు వేరు" అనేశారు మా ఆయన. నేనూ అంతే అనుకునేదాన్ని, వాళ్ల పాత సంగతులు చదివేదాకా. 1951 నుంచి 1980 దాకా జపాన్‌లో ఎక్కువమందిని తీసుకుపోయింది పక్షవాతమే. ఉత్తరాన అకితా లాంటి చోట్ల చలికాలమంతా మంచు, కూరగాయలుండవు. అందుకని అన్నీ ఉప్పులో ఊరేసుకునేవాళ్లు. మనం ఎండాకాలంలో జాడీలు నింపుకున్నట్టే! రోజూ తాగే మిసో చారూ ఉప్పే. అక్కడ మనిషి రోజుకు 20 గ్రాములకు పైగా ఉప్పు తినేవాడు. తినాల్సింది 5 గ్రాములు, అంటే ఒక టీ స్పూను.

వాళ్లు దాన్ని రాత అని వదిలెయ్యలేదు. 1961 నాటికి దేశంలో అందరికీ ఆరోగ్య బీమా వచ్చింది. ఊళ్లలో బీపీ చూడటం, మాత్రలివ్వడం మామూలైపోయింది. నాకు బాగా నచ్చింది నాగానో కథ. పక్షవాతం చావులు ఎక్కువగా ఉన్న ఆ ప్రాంతంలో 1981లో ఉప్పు తగ్గించే ఉద్యమం మొదలుపెట్టారు. దాన్ని ఇల్లిల్లూ తిప్పింది మనలాంటి ఆడవాళ్లే. ఇరుగుపొరుగు వంటింట్లోకి వెళ్లి చారులో ఉప్పెంతో కొలిచి చూపించేవాళ్లు. 1990 నాటికి మగవాళ్ల ఆయుష్షులో నాగానో దేశంలోనే మొదటిది. ఉప్పొక్కటే కారణమని నేననను. కానీ అది కూడా కారణమే.

మన సంగతికొస్తే, 2003-04లో గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో చావుల కారణాలు వెతికారు. పెద్దవాళ్ల చావుల్లో దాదాపు మూడో వంతు గుండెజబ్బు, పక్షవాతం లాంటివే. ఇవి పట్నం జబ్బులనే మాట అప్పటికే చెల్లిపోయింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాళ్లకు గుండె ఆపరేషన్ అందింది. గొప్ప మేలు. కానీ ఆపరేషన్ దాకా చేరనివాళ్ల మాటేమిటి? బీపీ నొప్పి పెట్టదు, జ్వరం తేదు. చూపించుకుంటేనే తెలుస్తుంది. 104 బండి ఊళ్లోకొచ్చినప్పుడు ఆడవాళ్లు, ముసలివాళ్లు వరసలో ఉంటారు. నలభై ఏళ్ల మగవాళ్లు మాత్రం "నాకేమైంది?" అని చేనికి పోతారు.

సంగటిలో ఉప్పు వెయ్యకపోయినా పప్పులో వేస్తాం, ఊరిబిండిలో వేస్తాం, మజ్జిగలో వేస్తాం. పక్కన ఊరగాయ, ఊరమిరపకాయ ఉండనే ఉంటాయి. ఎవరూ విడిగా ఉప్పు తినడంలేదు, కానీ రోజు గడిచేసరికి లెక్క పెరిగిపోతుంది.

ఆడపిల్ల కాళ్లకు మొక్కితే "దీర్ఘ సుమంగళీ భవ" అంటారు. మొగుడి ఆయుష్షును మన తలమీద పెట్టే దీవెన అది. అందులోని న్యాయం సంగతి మరోసారి మాట్లాడుకుందాం. కానీ ఆ ఆయుష్షులో కొంత నిజంగానే మన వంటింటి డబ్బాలో ఉంది.

మా ఇంట్లో ఇప్పుడు నెలకు సరిపడా ఉప్పు కొలిచి డబ్బాలో పోస్తున్నాను. అయిపోతే మళ్లీ పోసేది ఒకటో తారీకునే. మొదటి పది రోజులూ మా ఆయన "చప్పగా ఉంది" అన్నారు. తర్వాత అనడం మానేశారు. నిమ్మకాయ పిండితే, కొత్తిమీర కాస్త ఎక్కువేస్తే నాలుక సర్దుకుంటుంది. బీపీ మాత్ర మాత్రం ఆపనివ్వడంలేదు.

ఈసారి 104 బండి వచ్చినప్పుడు మీ ఇంట్లో "నాకేమైంది?" అనే మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకుపోండి.