లండన్ వీధుల్లో పీపాల పాట

ఆగస్టులో చివరి సోమవారం ఇంగ్లండులో సెలవు. దాని ముందురోజు, ఆదివారం తెల్లవారగానే, మీరు లండన్ నగరంలోని నాటింగ్ హిల్ పేటకు పోయినారనుకోండి. కొత్త బట్టలు మాత్రం వేసుకుని పోకండి! దారిలో ఎదురైన వాళ్ళు మీకు రంగులూ, పొడులూ, ఆఖరుకు కరిగించిన చాకొలెట్టూ పూస్తారు. పూయించుకుని నవ్వటమే అక్కడి మర్యాద. ఈ వేడుకను ‘జూవే’ అంటారు. ‘తెల్లవారింది’ అనే అర్థం గల ఫ్రెంచి మాటలు నోళ్ళలో నలిగి అలా అయినవి. మీకు హోళీ గుర్తుకు రావచ్చు గాని, దీనికీ దానికీ చుట్టరికం లేదు. ఇది వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ ద్వీపం నుంచి వచ్చింది.

అంత దూరపు పండుగ లండన్‌కు ఎలా వచ్చింది?

రెండవ ప్రపంచయుద్ధం అయిపోయినాక ఇంగ్లండులో పనివాళ్ళకు కరువు వచ్చింది. 1948 జూన్‌లో ‘ఎంపైర్ విండ్‌రష్’ అనే ఓడలో వందల మంది వెస్టిండియనులు వచ్చి దిగారు. తర్వాత ఇంకా ఎందరో వచ్చారు. బస్సులు నడిపారు, ఆస్పత్రుల్లో పనిచేశారు. అయినా, నల్లవాళ్ళని చెప్పి చాలామంది వాళ్ళకు గదులు అద్దెకు ఇవ్వలేదు. 1958 వేసవి చివర నాటింగ్ హిల్‌లో కొందరు తెల్ల యువకులు కొన్ని రాత్రుల పాటు నల్లవాళ్ళ ఇళ్ళమీద పడి దాడులు చేశారు.

అప్పుడు లండన్‌లో క్లాడియా జోన్స్ అనే ఆమె వెస్టిండియనుల కోసం ఒక పత్రిక నడుపుతున్నది. ఆమె పుట్టినది ట్రినిడాడ్‌లోనే. దెబ్బలు తిన్నవాళ్ళు తలలు వంచుకుని ఇళ్ళల్లో కూర్చోకూడదని ఆమె ఉద్దేశం. 1959 జనవరి 30న ఒక పెద్ద హాలులో తమ ద్వీపాల కార్నివాల్ జరిపించింది. జనవరిలో లండన్ చలికి వీధిలో ఆడటం ఎవరి తరం? ఆమె చేసిన మరొక పని నాకు ఇంకా గొప్పగా కనిపిస్తుంది. వచ్చిన డబ్బులో కొంత, ఆ కొట్లాటల్లో జరిమానాలు పడిన యువకులకు సాయంగా ఇస్తామని ప్రకటించారు. నల్లవాళ్ళకే కాదు, తెల్లవాళ్ళకు కూడా!

క్లాడియా జోన్స్ 1964లో చనిపోయింది. కార్నివాల్ వీధిలోకి రావటం ఆమె చూడలేదు. 1966లో రోన్ లాస్లెట్ అనే ఆమె, నాటింగ్ హిల్ పిల్లల కోసం ఒక ఉత్సవం ఏర్పాటు చేసింది. ఆ పేటలో ఐరిష్‌వాళ్ళూ, స్పానిష్‌వాళ్ళూ, ఉక్రెయిన్‌వాళ్ళూ, ఆఫ్రికావాళ్ళూ అందరూ ఉండేవారు. అందరినీ పిలిచింది. రస్సెల్ హెండర్సన్ అనే ట్రినిడాడ్ వాద్యగాడు, తన జట్టుతో స్టీల్‌పాన్‌లు మెళ్ళో తగిలించుకుని వాయిస్తూ వీధి వెంట నడిచాడు. జనం ఇళ్ళల్లోంచి వచ్చి వాళ్ళ వెనక నడిచారు. ఊరేగింపు అలా పుట్టింది.

ఈ స్టీల్‌పాన్ సంగతి మీకు తప్పక చెప్పాలి. 1880లలో ట్రినిడాడ్‌లోని బ్రిటిషు ప్రభుత్వం ఉత్సవాల్లో చేతి డోళ్ళు వాయించరాదని నిషేధించింది. జనం వెదురు బొంగులు నేలకు కొట్టి తాళం వేశారు. తర్వాత బిస్కట్ డబ్బాలు, రంగు డబ్బాలు వాయించారు. చివరకు, చమురు నింపే ఇనప పీపాలు దొరికినవి. పీపా అడుగును సుత్తితో మోది గిన్నెలాగా లోపలికి దించుతారు. అందులో చిన్నవీ పెద్దవీ గళ్ళు గీసి, నిప్పులమీద కాచి, మళ్ళీ సుత్తితో ఒక్కొక్క గడినీ శ్రుతి చేస్తారు. చిన్న గడి త్వరగా కంపిస్తుంది గనక హెచ్చు స్వరం, పెద్ద గడి నుంచి తగ్గు స్వరం వస్తవి. కొసకు రబ్బరు చుట్టిన పుల్లలతో వాయిస్తే, అది ఇనప పీపా అంటే మీరు నమ్మరు!

ఆ ఆదివారం ఊరేగింపు ముఖ్యంగా పిల్లలది. తీగల చట్రాలకు ఈకలూ, పూసలూ, తళుకులూ కట్టి, తమకంటె పెద్ద రెక్కలు తగిలించుకుని నడుస్తారు. సోమవారం పెద్దలది. రెండు రోజుల్లో సుమారు పది లక్షల మంది వస్తారు. ఇరుకు వీధులు గనక తోపులాటలు, అప్పుడప్పుడు కొట్లాటలు కూడా ఉంటవి. చాలామంది ముందుగానే కిటికీలకు చెక్కలు కొట్టించుకుంటారు. 2020, 2021 సంవత్సరాలలో కరోనా వల్ల ఊరేగింపు లేదు.

ఆకలైతే మీకు అక్కడ రోటీ దొరుకుతుంది. ఆశ్చర్యంగా ఉన్నదా? 1845 నుంచి 1917 దాకా మన దేశపు కూలీలు ట్రినిడాడ్ చెరుకు తోటలకు పోయినారు. ఎక్కువమంది ఉత్తరాదివాళ్ళు, మద్రాసు రేవు నుంచి పోయినవాళ్ళలో తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. రోటీ అలా సముద్రం దాటి ట్రినిడాడ్ చేరి, అక్కడి నుంచి మరో సముద్రం దాటి లండన్ వీధికి వచ్చింది.

మధ్యాహ్నం మూడు గంటలకు మీరు ఒక వింత చూస్తారు. అంత సంగీతమూ ఒక్కసారి ఆగిపోతుంది. ఊరేగింపు నిలబడిపోతుంది. ఆ పక్కనే ఉన్న గ్రెన్‌ఫెల్ టవర్ అనే పెద్ద మేడ 2017 జూన్‌లో తగలబడి 72 మంది చనిపోయినారు. అనేక దేశాల నుంచి వచ్చి అక్కడ కాపురం ఉన్నవాళ్ళు. వాళ్ళ కోసం, లక్షల మంది 72 సెకన్లు నోరు మెదపకుండా నిలబడతారు. తర్వాత మళ్ళీ పీపాలు మోగుతవి.