వెలుగు గీతలు

రాత్రివేళ రోడ్డు మీది వెలుగు గీతలను ఫొటో తీయడానికి కావలసినవి కదలని ట్రైపాడ్, తొందరపడని షటర్. ఐఎస్‌ఓ 100, ఎపర్చర్ ఎఫ్/11 దగ్గర పెట్టి, షటర్‌ను 10 నుంచి 30 సెకన్లు తెరిచి ఉంచుతారు. ఎదురొచ్చే బండ్ల హెడ్‌లైట్లు తెల్లని గీతలవుతాయి. వెళ్లిపోయే బండ్ల వెనక దీపాలు ఎర్రని గీతలవుతాయి. బండ్లు మాత్రం కనిపించవు. అవి ఏ ఒక్కచోటా నిలవవు గనుక, రూపం తేలేంత వెలుగు పోగుపడదు.

1838లో పారిస్‌లోని బులవార్ ద్యూ తాంప్ల్ వీధిని తొలితరం ఫొటోగ్రాఫర్ డగేర్ ఫొటో ఫలకం మీదికి ఎక్కించినప్పుడూ ఇదే జరిగింది. దానికి నిమిషాల తరబడి వెలుగు కావలసివచ్చింది. వీధిలో కదిలినవన్నీ చెరిగిపోయాయి. బూట్లు పాలిష్ చేయించుకుంటున్నట్టు నిలబడ్డ ఒక మనిషి మిగిలాడు.

కెమెరాను ఆకాశానికి తిప్పి గంటసేపు తెరిస్తే, నక్షత్రాలు ధ్రువం చుట్టూ 15 డిగ్రీల చాపాలు గీస్తాయి. అక్కడ తిరుగుతున్నది ఆకాశం కాదు, కెమెరాను మోస్తున్న నేల.

కంటికి క్షణాలు ఒకదాని వెంట ఒకటి అంది జారిపోతాయి. తెరిచిన షటర్ వాటన్నిటినీ ఒక్కచోట చేరుస్తుంది. నిలిచినదానికి రూపం దక్కుతుంది, వెలుగుతూ సాగినదానికి దారి దక్కుతుంది. గడిచిన కాలాన్ని ఒక్క చూపులో చూడగలగడమే ఈ కళ ఇచ్చే భాగ్యం.